నిండు టైరు మొక్కది... ఖాళీ టైరు దోమది!

మావారికి ఓ అలవాటుంది. ఇంట్లో ఏదీ పారేయనివ్వరు. విరిగిన గొడుగు, ఆగిపోయిన గోడ గడియారం, మూత పోయిన ఫ్లాస్కు... ఏది తీసి అవతల పెట్టబోయినా 'ఉండనీ, ఎప్పటికైనా పనికొస్తుంది' అంటారు. రెండేళ్ల కిందట కారుకి కొత్త టైర్లు వేయించినప్పుడూ అంతే. 'పాతవి మేం తీసుకుంటాం సార్' అని షాపులో కుర్రాడు అంటున్నా వినకుండా నాలుగింటినీ కారులో వేసుకొచ్చేశారు. ఇవెందుకండీ అంటే, 'టైర్లలో మొక్కలు పెంచుతున్నారు, టీవీలో చూశాను. మన మేడమీద కూడా పెడదాం. వచ్చే ఆదివారం పని అయిపోవాలి' అన్నారు.

ఆలోచన నాకూ నచ్చింది. కాకపోతే ఆ 'వచ్చే ఆదివారం' ఎప్పటికీ రాలేదు. ఓ వారం పెళ్లి, మరో వారం చుట్టాలు, ఇంకో వారం బద్ధకం. నీళ్ల ట్యాంకు పక్కన దొంతరగా పేర్చిన నాలుగు టైర్లూ అలాగే ఉండిపోయాయి. బట్టలు ఆరేయడానికి వెళ్లినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. చూసీ చూసీ కళ్లకు అలవాటైపోయి, అవక్కడ ఉన్నాయన్న సంగతే మర్చిపోయాను.

పోయిన వానాకాలం కింది వాటాలో ఉండేవాళ్ల పాపకి జ్వరం వచ్చింది. మూడో తరగతి చదువుతోంది. పొద్దస్తమానం మా ఇంట్లోనే ఆడుకునే పిల్ల. మూడు రోజులైనా జ్వరం తగ్గలేదు. రక్తపరీక్ష చేయిస్తే డెంగీ అన్నారు. ఆరు రోజులు ఆసుపత్రిలోనే. రోజూ సాయంత్రం వాళ్ల నాన్న ఫోను చేస్తే ముందడిగే మాట 'ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయి?' అనే. ఏడో రోజున పాప ఇంటికొచ్చింది. చిక్కి సగమైపోయింది.

ఆ మర్నాడే దోమల తనిఖీకి మున్సిపాలిటీ నుంచి ఒకామె వచ్చింది. కూలర్ చూసింది. ఫ్రిజ్ వెనక ట్రే లాగి చూసింది. పూలకుండీల కింద పళ్లేలు చూసింది. 'మేడమీదకు వెళ్దాం పదండమ్మా' అంది. టైర్లు కనపడగానే ఇంకెటూ చూడకుండా నేరుగా వాటి దగ్గరకే నడిచింది. టార్చి వేసి, గరిటెలాంటి దాంతో లోపలి నీళ్లు తోడి తెల్లటి పళ్లెంలో పోసింది. 'చూడండి' అంది. నీళ్లలో సన్నటి దారప్ముక్కల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి. ఒకటా, రెండా... లెక్కే లేదు.

'తోకపురుగులమ్మా. ఇంకో మూడు నాలుగు రోజులైతే దోమలై ఎగిరిపోయేవి' అంది మామూలుగా. ఆమెకది రోజూ కనిపించేదే. నాకు మాత్రం తలెత్తడానికి మొహం చెల్లలేదు.

పాపను కుట్టిన దోమ మా టైరులో పుట్టిందేనని ఎవరూ అనలేదు. అనడానికి రుజువూ లేదు. కిందింటి అమ్మాయైతే 'ఊరుకోక్కా, ఊరంతా దోమలే కదా. మీరేం చేస్తారు' అంది. ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

పాత టైర్లతో పూలకుండీలు ఎలా చేసుకోవాలో ఈ శీర్షికలో రాయమని తెలిసినవాళ్లు చాలామంది అడుగుతుంటారు. ఈ వారం రాస్తున్నాను. కానీ అందంగా రంగులేసిన టైర్ల సంగతి కంటే ముందు, వేయకుండా వదిలేసిన టైర్ల సంగతి చెప్పాలనిపించింది. అందుకే ఈ ఉపోద్ఘాతం.

దోమకు అంత ఇష్టం ఎందుకు?

టైరుని పడుకోబెట్టండి, నిలబెట్టండి, గోడకు చేరవేయండి... ఎలా పెట్టినా లోపల ఎక్కడో ఓ చోట నీళ్లు నిలుస్తాయి. పైగా లోపలంతా చీకటి. ఎండ తగలదు, గాలి ఆడదు. కాబట్టి ఆ నీళ్లు తొందరగా ఆరవు. రాలిన ఆకులు, దుమ్ము అందులో పడి కుళ్లితే దోమ పిల్లలకు అదే తిండి. డెంగీని మోసుకొచ్చే ఏడిస్ దోమ, అంటే కాళ్లమీద తెల్లటి చారలుండే దోమ, అడవిలో ఉన్న రోజుల్లో చెట్టు తొర్రల్లో నిలిచిన నీళ్ల దగ్గర గుడ్లు పెట్టేది. దానికి టైరు అచ్చంగా చెట్టు తొర్రలాంటిదే.

మరో సంగతి కూడా ఉంది. ఈ దోమ గుడ్లను నీళ్లలో పెట్టదు. నీటిమట్టానికి కాస్త పైన, తడి గోడకు అంటించి పెడుతుంది. నీళ్లు ఎండిపోయినా ఆ గుడ్లు చావవు. నెలల తరబడి అలాగే ఉండి, మళ్లీ వాన పడి తడి తగలగానే పిల్లలవుతాయి. అందుకే టైరు బోర్లించి నీళ్లు పారబోస్తే సరిపోదు. లోపల బ్రష్షుతో గట్టిగా రుద్ది కడగాలి. మన వాతావరణంలో గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. వారానికో రోజు 'డ్రై డే' పాటించమని మున్సిపాలిటీలు మొత్తుకునేది ఈ లెక్కతోనే.

టైర్లతోపాటు దోమలు సముద్రాలు కూడా దాటాయి. ఏడిస్ జాతిలోనే మరో రకమైన ఆసియా టైగర్ దోమ 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో స్థిరపడినట్టు గుర్తించారు. ఎలా వచ్చిందా అని ఆరా తీస్తే, జపాన్ నుంచి ఓడల్లో దిగుమతైన పాత టైర్ల వైపే వేలు చూపింది. ఎండిన గుడ్లు టైర్లలో కూర్చుని అన్ని వేల మైళ్లు ప్రయాణం చేశాయన్నమాట. మన మేడమీదకు రావడం వాటికో లెక్కా?

పోనీ, భోగి మంటల్లో వేస్తే?

చిన్నప్పుడు మా వీధి పిల్లలం భోగికి నెల ముందు నుంచే టైర్లు పోగేసేవాళ్లం. ఎవరి మంటలో ఎక్కువ టైర్లు పడితే వాళ్లు గొప్ప. తెల్లారేసరికి నల్లటి పొగ వీధంతా కమ్మేసేది. తలంటు పోసుకున్నాక కూడా ముక్కు చీదితే మసి వచ్చేది. అదో సరదా అనుకునేవాళ్లం.

ఆ పొగలో ఏముందో ఇప్పుడు తెలుసు. రబ్బరు గట్టిపడటానికి కలిపిన గంధకం మండి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. దానికి తోడు కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, క్యాన్సర్ కారకాలైన మరికొన్ని హైడ్రోకార్బన్లు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ ఒక్క తెల్లవారుజాము చాలు, ఆసుపత్రి పాలవడానికి. భోగికి పిడకలున్నాయి, ఎండు కొమ్మలున్నాయి, విరిగిన చెక్క సామానుంది. టైరు వద్దు.

అసలు పాత టైరు ఇంత తలనొప్పి కావడానికి మూలం 1839లో ఉంది. మామూలు రబ్బరు ఎండకు జిగురుగా, చలికి పెళుసుగా మారేది. దాన్ని గంధకంతో కలిపి వేడిచేస్తే గట్టిగా, సాగేలా ఉంటుందని ఆ ఏడాది అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో ఉండే పశువైద్యుడు జాన్ బోయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపుల్లేకుండా నడవాలని గాలి నింపిన టైరు చేశాడు. ఆ రెండూ కలిసి లోకాన్ని పరుగులు పెట్టించాయి. చిక్కల్లా ఏమిటంటే, గంధకంతో అలా ముడిపడిన రబ్బరు మళ్లీ కరగదు. పాత ప్లాస్టిక్ బకెట్‌ని కరిగించి మగ్గు చేసినట్టు పాత టైరుని కరిగించి కొత్త టైరు చేయలేం. మట్టిలో పూడ్చినా ఎన్నేళ్లయినా అలాగే ఉంటుంది.

అందుకే మనవాళ్లు దాన్ని ఇంకెన్ని రకాలుగానో వాడుకున్నారు. పల్లెల్లో టైరు చెప్పులు తొడిగినవాళ్లు, చింతకొమ్మకు టైరు ఊయల కట్టుకున్నవాళ్లు, పుల్లతో టైరు దొర్లిస్తూ బడికెళ్లినవాళ్లు ఇది చదివేవాళ్లలో చాలామందే ఉంటారు. విశాఖ, కాకినాడ రేవుల్లో పడవల పక్కలకు వేలాడే టైర్లు చూసే ఉంటారు. పూలకుండీ కూడా ఆ వరసలోదే. సరిగ్గా చేస్తే మంచి పనే.

తెచ్చిన రోజే కోయాలి

నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. తీరిక దొరికినప్పుడు చేద్దామని టైరు తెచ్చి పెట్టకండి. మట్టి, ఎరువు, మొక్క... అన్నీ సిద్ధం చేసుకున్నాకే టైరు తెచ్చుకోండి. ఎన్ని చేయగలరో అన్నే తెచ్చుకోండి.

కారు టైరు అన్నిటికంటే అనువు. స్కూటరు టైరు చిన్నది, ఒక్క చిన్న మొక్క పడుతుంది. బైకు టైరు మరీ సన్నం, పాదు చుట్టూ గట్టులా వేసుకోవడానికి బాగుంటుంది. ట్రాక్టరు పెద్ద టైరు పెరట్లో నేలమీద మడిలా బాగుంటుంది కానీ మేడమీదకు వద్దు. బటన్లు అరిగిపోతే ఫరవాలేదు. ఉక్కు తీగలు బయటికి పొడుచుకొచ్చిన టైరు, ముట్టుకుంటే నల్లగా పొడి రాలే టైరు మాత్రం తీసుకోవద్దు.

మా వీధి మలుపులో ఓ పంచర్ షాపుంది. వేపచెట్టుకి వేలాడదీసిన టైరే దానికి బోర్డు. మా టైర్లను అక్కడికే తీసుకెళ్లాం. షాపు తాత చూసి నవ్వాడు. 'కత్తికి సబ్బునీళ్లు రాయకపోతే రబ్బరు కత్తిని పట్టేసుకుంటుందమ్మా. మీ వల్ల కాదు గానీ ఇటివ్వండి' అని తనే కోసిపెట్టాడు. పక్కన కూర్చుని చూశాను కాబట్టి ఆ పద్ధతి చెబుతాను.

ముందు టైరుని లోపలా బయటా సబ్బునీళ్లతో, బ్రష్షుతో రుద్ది కడగాలి. ఎండలో ఆరనివ్వాలి. తర్వాత పడుకోబెట్టి, పైవైపు పక్కగోడ మీద సుద్దముక్కతో గుండ్రంగా గీత గీయాలి. చక్రానికి బిగుసుకునే లోపలి అంచులో ఉక్కు తీగల కట్ట ఉంటుంది. అది కత్తికి తెగదు. బటన్లుండే భాగంలోనూ ఉక్కు తీగలుంటాయి. అందుకే ఆ రెండింటికీ మధ్యనున్న మెత్తటి పక్కగోడనే కోయాలి. కత్తి మొనతో ఓ రంధ్రం చేసి, మాటిమాటికీ కత్తిని సబ్బునీళ్లలో ముంచుతూ, మనకు ఎదురుగా కాకుండా అవతలి వైపుకి లాగుతూ కోసుకుపోవాలి. చేతికి మందపాటి గ్లౌజులు తప్పనిసరి. లారీ టైర్లు ఇంట్లో కోయడం జరిగే పని కాదు. పైగోడ ఉంగరంలా ఊడివస్తే టైరు లోతైన తొట్టెలా తయారవుతుంది.

పైగోడ కోయకుండానే మట్టి నింపేసేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే ఆ అంచు కింద ఖాళీ మిగులుతుంది. మట్టి కుంగేకొద్దీ అక్కడ నీళ్లు చేరతాయి. మళ్లీ దోమకు ఇల్లు కట్టిచ్చినట్టే. కోయడం కుదరకపోతే చేత్తో ఆ అంచు కింద నలువైపులా మట్టిని కూరి కూరి నింపాలి.

చిల్లులు ఎక్కడ పెట్టాలి?

'మధ్యలో పెద్ద కన్నం ఉంది కదా, నీళ్లు అందులోంచి పోతాయిలే' అనుకున్నారు మావారు. పోవు. కిందివైపు పక్కగోడ చుట్టూ కాలవలా పల్లం ఉంటుంది. నీళ్లు అక్కడే ఆగుతాయి. వేళ్లు కుళ్లేదీ అక్కడే. కాబట్టి ఆ పల్లంలో, సమానమైన దూరంలో, వేలు పట్టేంత చిల్లులు ఆరో ఎనిమిదో పెట్టాలి. డ్రిల్లింగ్ మిషనుంటే నిమిషాల్లో పని. చువ్వ ఎర్రగా కాల్చి గుచ్చుతుంటారు కొందరు. భోగి పొగ వద్దనుకున్నాక ఈ పొగ మాత్రం ఎందుకు?

నేలమీద పెట్టేటట్టయితే అడుగు అలా వదిలేయండి. వేళ్లు నేలలోకి దిగుతాయి. మేడమీదయితే మేం ఇలా చేశాం. నాలుగు ఇటుకల మీద షాబాదు బండ ముక్క, దానిమీద రెండు మడతల షేడ్‌నెట్, దానిమీద టైరు. నీళ్లు వడిసిపోతాయి, కింద ఊడ్చుకోవడానికి వీలుంటుంది, ఏమైనా నిలిస్తే కంటికి కనబడుతుంది. కింద పళ్లెం మాత్రం పెట్టొద్దు.

అడుగున రెండంగుళాల మేర ఇటుక ముక్కలు, కుండపెంకులు పరవాలి. ఆపైన ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి నింపాలి. అంగుళం వెలితి ఉంచాలి. నెల తిరిగేసరికి మట్టి కుంగుతుంది. మళ్లీ పోయాలి.

బరువు, ఎండ

మధ్యరకం కారు టైరులో సుమారు నలభై లీటర్ల మట్టి పడుతుంది. వట్టి మట్టే నింపి నీళ్లు పోస్తే అరవై కిలోలు దాటిపోతుంది. కొబ్బరి పొట్టు, ఎరువు కలిపితే పది, పదిహేను కిలోలు తగ్గుతుంది. మనుషులు తిరిగే మేడ కప్పు చదరపు మీటరుకి సుమారు 150 కిలోల అదనపు భారం మోసేలా ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. చదరపు మీటరు జాగాలో రెండు కారు టైర్లు పక్కపక్కనే పట్టేస్తాయి. బండ, ఇటుకలు, వాననీళ్లు కూడా కలుపుకొంటే హద్దుకు దగ్గరపడినట్టే. అందుకే అన్నీ ఒకేచోట గుంపుగా పెట్టకండి. స్లాబు నడిమధ్య కాకుండా కింద గోడలు, దూలాలు ఉన్నచోట వరసగా పెట్టుకోండి. ఇల్లు పాతదైనా, స్లాబు ఉరుస్తున్నా ఇంజినీరుకి ఓసారి చూపించాకే మిద్దెతోట జోలికెళ్లండి.

ఇక ఎండ. నల్లటి టైరు ఎండను పీల్చేసుకుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, లేత వేళ్లెంత? బయటివైపు తెల్లటి రంగు వేస్తే చాలావరకూ కాపాడుకోవచ్చు. సున్నమయితే చవక కానీ రెండు వానలకే పోతుంది. గోడలకు బయట వేసే ఎమల్షన్ కాస్త మిగిలినా సరిపోతుంది. ఆరాక దానిమీద పిల్లలతో ముగ్గులు వేయించండి. మట్టిమీద ఎండుటాకులో, కొబ్బరి పీచో కప్పి ఉంచితే తడి నిలుస్తుంది.

పూలు సరే, పాలకూర?

ఇది అందరూ అడిగే ప్రశ్న. సూటిగా చెప్పాలంటే, నేను వేయను.

టైరంటే రబ్బరొక్కటే కాదు. అందులో జింకు ఆక్సైడ్ ఉంటుంది, నల్లరంగునిచ్చే కార్బన్ ఉంటుంది, నూనెలుంటాయి, పగుళ్లు రాకుండా కలిపే రసాయనాలుంటాయి. ఆ నూనెల్లోని హానికర హైడ్రోకార్బన్లకు ఐరోపా సమాఖ్య 2010 నుంచి హద్దు పెట్టింది. అమెరికాలో సియాటిల్ దగ్గరి వాగుల్లో వాన పడ్డప్పుడల్లా కోహో సాల్మన్ చేపలు చచ్చిపోతుంటే, కారణం కోసం శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతికారు. టైర్లలో కలిపే సిక్స్ పీపీడీ అనే రసాయనం ఓజోన్‌తో కలిసి విషంగా మారి, రోడ్లమీది అరుగుదల పొడితోపాటు వాగుల్లోకి చేరుతోందని 2020లో బయటపెట్టారు. టైరుని పొడిచేసి కుండీ మట్టిలో కలిపితే జింకు ఎక్కువై మొక్కలు దెబ్బతింటాయని కూడా పరిశోధనల్లో తేలింది.

చెక్కుచెదరని టైరు పొడి టైరంత వేగంగా ఇవన్నీ వదలదు, నిజమే. కానీ మన ఎండకు, వానకు ఏళ్ల తరబడి నానుతూ ఎండుతూ పెళుసెక్కే టైరులో పిల్లలకు పెట్టే తోటకూర, పాలకూర, ముల్లంగి పండించాల్సిన అవసరమేముంది? ఆకుకూరలకు మట్టి తొట్టెలున్నాయి, గ్రోబ్యాగులున్నాయి, పెరట్లో నేలుంది. టైరుని పూలకు వదిలేద్దాం.

పూలకేం కొదవ! మందారం, నందివర్ధనం, ముళ్లగోరింట, కాగితంపూలు కారు టైరులో హాయిగా పెరుగుతాయి. బంతి, చామంతి, కనకాంబరం, బిళ్లగన్నేరు అయితే ఒక్కో టైరులో మూడు నాలుగు మొక్కలు పెట్టొచ్చు. ఎండ మండిపోయేచోట నాచుగులాబీ వేస్తే టైరు అంచుల మీదుగా జాలువారుతూ పూస్తుంది. ఇంట్లో చంటిపిల్లలుంటే మాత్రం గన్నేరు వద్దు, అది విషం.

పెట్టి మర్చిపోతే మళ్లీ మొదటికే

మంచి ఉద్దేశంతో మొదలుపెట్టి, తర్వాత పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పే పెద్ద ఉదాహరణ ఒకటుంది. 1970ల్లో అమెరికాలో ఫ్లోరిడా తీరాన, ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర, చేపలకు ఆవాసంగా ఉంటాయని సుమారు ఇరవై లక్షల పాత టైర్లను కట్టలుగా కట్టి సముద్రంలో దించారు. కట్లు తుప్పుపట్టి తెగిపోయాయి. విడిపోయిన టైర్లు తుపానులకు కొట్టుకుపోయి, పక్కనే ఉన్న అసలు పగడపు దిబ్బలను దెబ్బతీశాయి. తర్వాత ఈతగాళ్లను దింపి, వాటిని ఒక్కొక్కటిగా పైకి తీయాల్సి వచ్చింది.

మన మేడమీదయినా అంతే. మొక్క చచ్చిపోయి, మట్టి కుంగిపోయి, చిల్లులు పూడుకుపోతే పూలకుండీ కాస్తా మళ్లీ పాత టైరే అవుతుంది. వారానికోసారి, వానాకాలంలో అయితే రెండుసార్లు చూసుకోవాలి. అడుగున చిల్లుల్లోంచి నీళ్లు దిగుతున్నాయా, అంచుల్లో ఎక్కడైనా నిలిచాయా అని. పగుళ్లిచ్చి పొడి రాలుతుంటే ఇక దాని పనైపోయినట్టు. తీసేయాలి.

తీసేసి ఎక్కడ వేయాలి? చెత్తకుప్ప మీద మాత్రం కాదు. కొత్త టైర్లు కొన్నచోటే పాతవి ఇచ్చేయడం అన్నిటికంటే సులువు. పాత సామాను కొనేవాళ్లూ తీసుకుంటారు. టైర్లు తయారుచేసే, దిగుమతి చేసుకునే కంపెనీలే పాత టైర్ల రీసైక్లింగ్ బాధ్యత తీసుకోవాలని కేంద్ర ప్రభుత్వం 2022లో నిబంధనలు తెచ్చింది. మనం వాటిని ఆ దారిలోకి చేర్చితే చాలు. మొక్కలు పెంచే ఓపిక లేనివాళ్లు టైర్లు ఇంటికి తెచ్చుకోకపోవడమే పర్యావరణానికి చేసే మేలు. ఇది మావారు కూడా ఒప్పుకున్నారు!

మా నాలుగు టైర్లలో మూడే ఇప్పుడు మేడమీద ఉన్నాయి. తీగలు బయటికొచ్చిన నాలుగోదాన్ని షాపుకి ఇచ్చేశాం. ఒకదాంట్లో నందివర్ధనం, ఒకదాంట్లో ఎర్ర మందారం, మూడోదాంట్లో బంతి. ఆ మూడోదానిమీద వంకరటింకర చుక్కల ముగ్గు కిందింటి పాప వేసింది. రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే పైకొచ్చి నీళ్లు పోసేదీ తనే. పోశాక వంగి, బండ కింద చెయ్యిపెట్టి తడి చూస్తుంది. 'ఆంటీ, నీళ్లు కిందికి వస్తున్నాయి, నిలవట్లేదు' అని అరిచి చెబుతుంది. వాళ్లమ్మ నేర్పిందో, ఆసుపత్రిలో విన్నదో తెలియదు. నేను మాత్రం నేర్పలేదు.

మొన్న పంచర్ షాపు ముందు నుంచి వెళుతూ చూశాను. వేపచెట్టుకి వేలాడే బోర్డు టైరుకి అడుగున కొత్తగా చిల్లు కనబడింది. 'ఇదేంటి తాతా?' అంటే, 'మీ ఇంటి సంగతి విన్నాక పెట్టానమ్మా. నా టైరులోనూ నీళ్లుండేవి' అన్నాడు.

కాబట్టి ఈ ఆదివారం మీకో చిన్న పని. ఈ పేజీ మడిచి పక్కన పెట్టి, కాఫీ గ్లాసు పట్టుకుని ఓసారి మేడెక్కండి. ట్యాంకు పక్కన, మెట్ల కింద, పెరటి గోడ వెనక... 'ఎప్పటికైనా పనికొస్తుంది' అని పెట్టిన టైరు ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే ఇవాళే దాని సంగతి తేల్చండి. మొక్క పెడతారో, షాపుకి ఇచ్చేస్తారో మీ ఇష్టం. 'వచ్చే ఆదివారం' వరకూ మాత్రం ఆగొద్దు. దోమ ఆగదు.